లాటినో అంటే ఎవరు? బ్రెజిల్ వాళ్ళు అందులోకి వస్తారా?

నెవార్క్ నీరజ

అందరికీ నమస్కారం. మా పాప సెప్టెంబర్లో కిండర్‌గార్టెన్‌లో చేరుతుంది. స్కూల్ వాళ్ళిచ్చిన ఫారంలో జాతి అడిగే ముందు విడిగా ఒక ప్రశ్న పెట్టారు: ‘హిస్పానిక్ లేదా లాటినోనా? అవును / కాదు’. దాని కింద తెలుపు, నలుపు, ఏషియన్ వగైరా గడులు. నాది ఏలూరు కాబట్టి ఏషియన్ దగ్గర టిక్కు పెట్టేశాను, దాంట్లో సందేహం లేదు. పై ప్రశ్న దగ్గరే ఇంట్లో పంచాయితీ. మా ఆయనది బ్రెజిల్, మినాస్ జెరైస్ రాష్ట్రంలో గవర్నడోర్ వలడారెస్. అమెరికా వలసలకి పెట్టింది పేరు ఆ ఊరు. ‘మనం స్పానిష్ మాట్లాడం, మనం హిస్పానిక్ ఎలా అవుతాం, కాదు అని పెట్టు’ అంటాడు ఆయన. ‘సౌత్ అమెరికాలో పుట్టి లాటినో కాకపోతే ఇంకేమవుతావురా’ అంటుంది మా ఆడపడుచు. ఆవిడ ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. వాళ్ళిద్దరూ పోర్చుగీసులో అరుచుకుంటుంటే నేను ఫారం పట్టుకుని ఇక్కడికొచ్చాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పొద్దుతిరుగుడు

నీరజ గారూ, నేను హాస్పిటల్లో పేషెంట్ల రికార్డుల విభాగంలో పని చేస్తాను. రోజంతా ఈ గడులతోనే కుస్తీ. ముందు అసలు పని సంగతి చెప్తాను. మీరు ఏది పెట్టినా ఎవరూ రుజువు అడగరు. ఎవరు ఏమని చెప్పుకుంటే అదే లెక్క. ఖాళీగా మాత్రం వదలకండి. పెద్దవాళ్ళు చెప్పకపోతే చివరికి స్కూల్ సిబ్బందే పిల్లని చూసి నింపేస్తారు, రూల్స్ అలా ఉన్నాయి.

ఇక నిర్వచనం. 1997లో ఫెడరల్ ప్రభుత్వం ఖాయం చేసిన దాని ప్రకారం హిస్పానిక్ లేదా లాటినో అంటే క్యూబా, మెక్సికో, ప్యూర్టోరికో, దక్షిణ లేదా మధ్య అమెరికా, లేదా ఇతర స్పానిష్ సంస్కృతి, మూలం ఉన్నవాళ్ళు. జాతి ఏదైనా సరే. ‘దక్షిణ అమెరికా’ దగ్గర ఆపితే మీ ఆడపడుచు గెలిచినట్టు. ‘ఇతర స్పానిష్’ దాకా చదివితే మీ ఆయన గెలిచినట్టు. సెన్సస్ వాళ్ళు మీ ఆయన పక్షం. లాటినో గడిలో టిక్కు పెట్టి పక్కన బ్రెజిలియన్ అని రాస్తే, తర్వాత లెక్కలు సరిచూసేటప్పుడు దాన్ని తీసి ‘కాదు’లో వేస్తారు.

2020లో ఒక తమాషా జరిగింది. ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఆ ఏడాది ఈ తీసేసే పని పొరపాటున తప్పిపోయింది. 2019లో లాటినోలుగా తేలిన బ్రెజిలియన్లు 14,000 మంది. 2020లో కనీసం 4,16,000 మంది! ఇక్కడున్న బ్రెజిల్ వాళ్ళలో మూడింట రెండు వంతులకు పైనే. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు ఈ తేడాని పట్టుకున్నారు. జనం తాము పెట్టుకున్న టిక్కుని ఆ ఒక్కసారి ఎవరూ చెరపలేదు, అంతే సంగతి.

సూటిగా సుబ్బారావు

ఇందులో అంత బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముంది? స్పానిష్ మాట్లాడే దేశం అయితే హిస్పానిక్. మెక్సికో నుంచి కింద పుడితే లాటినో. స్పెయిన్ వాడు హిస్పానిక్, లాటినో కాదు. బ్రెజిల్ వాడు లాటినో, హిస్పానిక్ కాదు. కొలంబియా వాడు రెండూ. థ్రెడ్ మూసేయొచ్చు.

రాజోలు రాంబాబు

మరి జమైకా, గయానా, సురినామ్, హైతీ? అవన్నీ మెక్సికో కిందే ఉన్నాయి కదా సుబ్బారావు గారూ. థ్రెడ్ కాసేపు తెరిచే ఉంచండి.

సూటిగా సుబ్బారావు

జమైకా, గయానా ఇంగ్లీషు. సురినామ్ డచ్చి. లాటిన్‌లోంచి పుట్టిన భాష ఉండాలి కదా బాబూ.

రాజోలు రాంబాబు

ఫ్రెంచి లాటిన్‌లోంచే పుట్టింది. హైతీలో అధికార భాషల్లో అదొకటి. మయామీలో హైతీ వాణ్ణి ఎవరైనా లాటినో అనగా విన్నారా? కెనడాలో క్యుబెక్ వాళ్ళదీ ఫ్రెంచే. వాళ్ళనీ కలిపేద్దామా?

బడిపంతులు

రాంబాబు అడిగింది చిలిపి ప్రశ్నలా ఉంది గానీ, చరిత్ర అంతా దాంట్లోనే ఉంది. ‘లాటిన్ అమెరికా’ అనే పేరు ఎక్కువగా ప్యారిస్‌లో తయారైంది. సందర్భం చూడండి. 1848 ఒప్పందంతో మెక్సికో తన భూమిలో సగం దాకా అమెరికాకి పోగొట్టుకుంది. 1855లో విలియం వాకర్ అనే టెనెసీ మనిషి కిరాయి సైనికులతో నికరాగువాలో దిగి, 1856లో తనని తానే అధ్యక్షుడిగా ప్రకటించుకున్నాడు, రద్దయిన బానిసత్వాన్ని మళ్ళీ తెచ్చాడు. అతని ప్రభుత్వాన్ని వాషింగ్టన్ గుర్తించింది కూడా. ఆ ఏడాదే ప్యారిస్‌లో చిలీ దేశస్థుడు ఫ్రాన్సిస్కో బిల్బావో ఒక ఉపన్యాసంలో ఈ పేరు వాడాడు. కొలంబియా రచయిత తోర్రెస్ కైసేదో కూడా దాదాపు అప్పుడే వాడాడు. ‘ఉత్తరాదివాళ్ళు మనల్ని మింగేస్తున్నారు, మనమంతా ఒకటి’ అన్న భయంలోంచి వచ్చిన పేరది.

ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌కి ఈ పేరు తెగ నచ్చింది. ‘స్పానిష్ అమెరికా’ అంటే ఫ్రాన్స్‌కి అక్కడ చోటు లేదు. ‘లాటిన్’ అంటే ఫ్రాన్స్ పెద్దన్న అవుతుంది. మెక్సికో మీదకి సైన్యాన్ని పంపి, 1864లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌ని గద్దె మీద కూర్చోబెట్టాడు. మూడేళ్ళకే మెక్సికో వాళ్ళు అతన్ని కేరేతరోలో కాల్చి చంపారు. చక్రవర్తి పోయాడు, పేరు మిగిలింది.

ఇక హైతీ. 1804లో ఫ్రాన్స్‌ని తరిమేసి స్వతంత్రం తెచ్చుకున్న బానిసల దేశం. దక్షిణ అమెరికాలో స్పెయిన్ మీద తిరగబడ్డ సైమన్ బొలివార్ ఓడిపోయి చేతులు ఊపుకుంటూ వస్తే 1816లో ఓడలు, తుపాకులు, మనుషుల్ని ఇచ్చి పంపింది హైతీ అధ్యక్షుడు పెతియోన్. అడిగింది ఒక్కటే, గెలిచిన చోటల్లా బానిసల్ని విడిపించమని. అదే బొలివార్ 1826లో పనామాలో కొత్త దేశాల మహాసభకి పిలుపునిస్తే, ఆ పిలుపు హైతీకి అందలేదు. భాష లాటిన్‌దే అయినా ఒంటి రంగు అడ్డొచ్చింది. మాట పుట్టకముందే గీత గీసేశారన్నమాట.

క్వెర్నవాకా కృష్ణ

మాస్టారూ, అద్భుతం. నేను కొన్నాళ్ళు మెక్సికోలో, క్వెర్నవాకాలో మందుల ఫ్యాక్టరీలో పని చేశాను. అక్కడి సంగతి చెప్తాను. ‘నేను లాటినోని’ అని ఆఫీసులో ఒక్కరూ అనగా నేను వినలేదు. ‘మెహికానో’ అంటారు. ఇంకాస్త చనువైతే ఊరు బయటికొస్తుంది. మాంతెర్రే వాడు రెహియో, గ్వాదలహారా వాడు తపాతీయో, మెక్సికో సిటీ వాడు చిలాంగో. ఆఖరిదాన్ని మిగతా ఊళ్ళవాళ్ళు మూతి తిప్పి మరీ అంటారు. మాంతెర్రే వాళ్ళ పిసినారితనం మీద జోకులు క్యాంటీన్‌లో రోజూ ఉండేవి.

మా క్వాలిటీ కంట్రోల్‌లో పని చేసే ఒకాయన హ్యూస్టన్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళాడు. నెల తిరక్కుండా ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. ‘ఇక్కడ నన్నూ, హోండురస్ వాణ్ణీ, అర్జెంటీనా వాణ్ణీ ఒకే గంపలో వేశారు. అర్జెంటీనా వాడి స్పానిష్ నాకు సగం అర్థం కాదు. వాడు టాకో తినడం కూడా ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు’ అని. ఢిల్లీలో రైలు దిగిన తెలుగువాడు మద్రాసీ అయిపోయినట్టే ఇది. మద్రాసు ఎప్పుడూ చూడకపోయినా సరే, స్టేషన్ బయట ఆటోవాడు పెట్టేస్తాడు పేరు.

ఇంకో మెలిక. స్పెయిన్‌లో ‘లాటినో’ అంటే ఈక్వడార్, కొలంబియా, పెరూల నుంచి వలసొచ్చినవాళ్ళు. స్పెయిన్ వాళ్ళు తమని తాము ఆ మాటతో పిలుచుకోరు. లాటిన్ భాషకి వారసులు వాళ్ళే, పేరు మాత్రం పనికి వచ్చినవాళ్ళది.

ఆస్టిన్ అన్వేష్

మంచి లొల్లి నడుస్తోంది. టెక్సస్ ముచ్చట నేను చెప్తా. ఇక్కడ చాలామంది మెక్సికన్ల కుటుంబాలు ఎక్కడి నుంచీ వలస రాలేదు. 1848లో వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, దేశం మారింది. ఆ ఒప్పందంలో వాళ్ళకి పౌరసత్వం ఇస్తామన్నారు. అప్పట్లో చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకే పౌరసత్వం. అంటే కాగితం మీద మెక్సికన్లు తెల్లవాళ్ళన్నట్టే. బయట మాత్రం హోటల్లో కూర్చోనియ్యరు, బడి వేరు, స్మశానం వేరు.

1954లో సుప్రీంకోర్టుకి హెర్నాండెజ్ కేసు వెళ్ళింది. జాక్సన్ కౌంటీలో పీట్ హెర్నాండెజ్ అనే పత్తి కూలీ మీద హత్య కేసు. ఆ కౌంటీలో 25 ఏళ్ళుగా జ్యూరీలో స్పానిష్ ఇంటిపేరున్న మనిషి ఒక్కడూ కూర్చోలేదు. రాష్ట్ర ప్రభుత్వం వాదన ఏమిటంటే, ‘మెక్సికన్లు కూడా తెల్లవాళ్ళే, జ్యూరీ నిండా తెల్లవాళ్ళే, ఇంక వివక్ష ఎక్కడిది?’ అని. లాయర్లు గస్ గార్సియా, కార్లోస్ కడేనా కోర్టు దృష్టికి తెచ్చిన వాటిలో ఒకటి విను అన్నా. కేసు నడిచిన ఆ కోర్టు భవనంలోనే మగవాళ్ళకి రెండు టాయిలెట్లు. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండో దాని మీద ‘నల్లవాళ్ళకి’ అని ఇంగ్లీషులో, దాని కింద ‘మగవాళ్ళు ఇటు’ అని స్పానిష్‌లో. గోడ మీద రాసిపెట్టుకుని మరీ వివక్ష లేదన్నారు! మే 3న తీర్పు హెర్నాండెజ్ వైపు వచ్చింది. బడుల్లో నల్లపిల్లల్ని వేరు పెట్టొద్దన్న బ్రౌన్ తీర్పు దానికి రెండు వారాల తర్వాత.

అందుకే లాటినో అంటే ఒట్టి సంస్కృతి, సల్సా, తిండి అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. టెక్సస్‌లో అది ఏ తలుపులోంచి వెళ్ళాలి అన్న సంగతి.

సూటిగా సుబ్బారావు

అన్వేష్, సరే, ఒప్పుకుంటాను. కానీ అవన్నీ మెక్సికన్లకి జరిగినవి. నికరాగువా వాడికీ, బొలీవియా వాడికీ దాంతో ఏం సంబంధం? అందర్నీ కట్టకట్టి ఒక గడి పెట్టింది ఎవరు?

పొద్దుతిరుగుడు

అది నా సబ్జెక్టు! 1930 సెన్సస్‌లో ‘మెక్సికన్’ అని ఏకంగా ఒక జాతినే పెట్టారు. మెక్సికో ప్రభుత్వమూ, ఇక్కడి మెక్సికన్ సంఘాలూ గొడవ చేస్తే 1940కి తీసేసి మళ్ళీ తెల్లవాళ్ళలో కలిపారు. వాళ్ళు గొడవ చేయడానికి కారణం ఉంది. తెల్లవాళ్ళు కాదంటే పౌరసత్వం ఇంకా దూరమవుతుంది, పైగా ఆ రోజుల్లోనే లక్షల మందిని, ఇక్కడ పుట్టినవాళ్ళతో సహా, మెక్సికోకి రైళ్ళెక్కించి పంపేస్తున్నారు.

1970లో కొందరికి మాత్రమే ఇచ్చిన పెద్ద ఫారంలో ‘మీ మూలం మెక్సికనా, ప్యూర్టోరికనా, క్యూబనా, సెంట్రల్ లేదా సౌత్ అమెరికనా’ అని అడిగారు. అలబామా, కాన్సాస్‌ల్లో ఉన్నవాళ్ళు ‘మేం ఉండేది అమెరికాకి దక్షిణాన కదా, మధ్యన కదా’ అనుకుని ఆ గడిలో టిక్కు పెట్టేశారు. లెక్క గోవిందా.

ఈలోగా లాస్ ఏంజెలెస్‌లో చికానోలు (మెక్సికన్ అమెరికన్లు), న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు, మయామీలో క్యూబన్లు ఎవరి ఉద్యమం వాళ్ళది, ఎవరి డిమాండ్లు వాళ్ళవి. వాషింగ్టన్‌లో ఎవరైనా ‘మీరెంతమంది’ అని అడిగితే చెప్పడానికి నంబర్ లేదు. నంబర్ లేకపోతే నిధులు లేవు. 1976లో స్పానిష్ మూలం ఉన్న అమెరికన్ల లెక్కలు సేకరించాలని చట్టం వచ్చింది. 1977లో బడ్జెట్ ఆఫీసు ‘హిస్పానిక్’ అనే వర్గాన్ని ఖాయం చేసింది. 1980లో మొదటిసారి దేశంలో ప్రతి ఇంటినీ ఈ ప్రశ్న అడిగారు. ‘లాటినో’ మాట 1997లో పక్కన చేరింది, 2000 సెన్సస్ ఫారంలో కనిపించింది. 2020కి ఈ గడిలో 6 కోట్ల 21 లక్షల మంది ఉన్నారు, దేశ జనాభాలో 18.7 శాతం.

ఇప్పుడు మన సంగతి. 1970 సెన్సస్‌లో మనవాళ్ళని ఏ గడిలో లెక్కేశారో తెలుసా? తెల్లవాళ్ళలో. ‘ఏషియన్ ఇండియన్’ గడి కూడా 1980లోనే వచ్చింది, మన సంఘాలు పట్టుబట్టి అడిగాక. కాబట్టి నవ్వేవాళ్ళు నెమ్మదిగా నవ్వండి.

హెచ్1బీ హనుమంతు

గడి ఒకటే గానీ లోపల వాళ్ళకి వర్తించే చట్టాలు చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి. ప్యూర్టోరికో వాడికి 1917 నుంచి పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం. వీసా ఊసే లేదు. కానీ ద్వీపంలో ఉన్నంత కాలం అధ్యక్షుడికి ఓటు వేయలేడు. అదే మనిషి ఓర్లాండోకి మారితే వేయొచ్చు. క్యూబా వాడికి 1966 చట్టం ప్రకారం అధికారికంగా అడుగుపెట్టి ఏడాది ఉంటే గ్రీన్ కార్డుకి అప్లై చేసుకునే వీలు. 1995 నుంచి 2017 దాకా ఇంకా విచిత్రం, నేల మీద కాలు మోపితే ఉండనిస్తారు, సముద్రంలో దొరికితే వెనక్కి. గ్వాతెమాలా వాడికి ఇవేవీ లేవు. మెక్సికో వాడు అన్న స్పాన్సర్ చేస్తే ఇరవై ఏళ్ళు పైగా క్యూలో ఉంటాడు. ఏడాదికి గ్రీన్ కార్డు అన్న మాట వింటే ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కోసం ఈబీ2 క్యూలో ఏళ్ళ తరబడి ఉన్న మనవాళ్ళకి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ప్రతి ఎన్నికలకీ టీవీలో ‘లాటినో ఓటు ఎటు?’ అంటారు. ఇంత తేడా ఉన్నవాళ్ళు ఒకే వైపు ఎందుకు వేస్తారు? టెక్సస్ సరిహద్దులో స్టార్ కౌంటీ, నూటికి తొంభై ఐదు మందికి పైగా లాటినోలు, ఎక్కువగా మెక్సికన్ మూలాలవాళ్ళు. వందేళ్ళకి పైగా డెమొక్రాట్లకే వేసిన చోటు 2024లో ట్రంప్ వైపు తిరిగింది. స్టూడియోల్లో కూర్చున్నవాళ్ళు షాక్ తిన్నారు.

రాజోలు రాంబాబు

అదేంటో గానీ 2025లో ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీని సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) హాఫ్‌టైం షోకి పెట్టామనగానే ‘అమెరికన్ దొరకలేదా’ అని ఎంత రచ్చ చేశారో. 1917 సంగతి వాళ్ళకి ఎవరైనా చెప్పాల్సింది హనుమంతూ.

మోడరేటర్

ఎన్నికల చర్చకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ గడి చుట్టూనే తిరుగుదాం.

నెవార్క్ నీరజ

ఇన్ని విషయాలా! అందరికీ థాంక్స్. ఒక సందేహం. మా ఆయన మేనత్త వైపు వాళ్ళు బహియా నుంచి, బాగా నల్లగా ఉంటారు. మా మామగారి వైపు వాళ్ళు ఇటలీ నుంచి వచ్చారట, చూస్తే యూరప్ వాళ్ళే. ఇద్దరూ లాటినోలేనా? మరి లాటినో అంటే జాతి కాదా?

క్వెర్నవాకా కృష్ణ

నీరజ గారూ, కాదు. అందుకే ఆ ప్రశ్న విడిగా పెట్టారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ళలో ఉత్తర అమెరికాలో దిగింది దాదాపు నాలుగు లక్షల మంది, ఒక్క బ్రెజిల్‌లోనే నలభై ఎనిమిది లక్షల దాకా. అక్కడ బానిసత్వం రద్దయింది 1888లో, అమెరికా ఖండాల్లో అన్నిటికంటే ఆఖరున. 2022 బ్రెజిల్ సెన్సస్‌లో ‘పార్దో’, అంటే మిశ్రమ వర్ణం అని చెప్పుకున్నవాళ్ళు 45.3 శాతం, తెల్లవాళ్ళు 43.5, నల్లవాళ్ళు 10.2. 1991 నుంచి జరిగిన సెన్సస్‌ల్లో పార్దోలు మొదటి స్థానానికి రావడం అదే మొదలు. వాళ్ళ సెన్సస్ ఫారంలో లాటినో అన్న గడే లేదు!

పెరూలో జపాన్ దంపతుల కొడుకు ఫుజిమోరి 1990 నుంచి 2000 దాకా అధ్యక్షుడు. అతను లాటినోనా? అమెరికాలో ఉంటే ఫారం ప్రకారం అవును, ఆ తర్వాత ఏషియన్. రెండు టిక్కులు, మీ పాప లాగే.

కానీ ‘జాతి కాదు’ అని కాగితం మీద అనుకోవడం తేలిక. లోపల రంగు పిచ్చి మామూలుగా లేదు. 2021లో అర్జెంటీనా అధ్యక్షుడు ఆల్బెర్తో ఫెర్నాండెజ్ నలుగురిలో నిలబడి ‘మెక్సికన్లు ఇండియన్ల నుంచి వచ్చారు, బ్రెజిలియన్లు అడవిలోంచి వచ్చారు, మేం అర్జెంటీనా వాళ్ళం ఓడల్లోంచి వచ్చాం, యూరప్ ఓడలు’ అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడనుకోండి.

కొండపల్లి కమల

లాస్ ఏంజెలెస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ 2022 అక్టోబర్లో సిటీ కౌన్సిల్ నాయకుల మాటల రికార్డింగ్ బయటపడింది. అధ్యక్షురాలు స్వయంగా లాటినా. ఆవిడ మన ఊళ్ళో ఉన్న ఒహాకా వాళ్ళని, మెక్సికో దక్షిణాది ఆదివాసుల్ని, ‘పొట్టివాళ్ళు, నల్లవాళ్ళు, అందవికారంగా ఉంటారు’ అన్న ధోరణిలో మాట్లాడింది. పదవి పోయింది. ఆ తర్వాత ఒహాకా వాళ్ళు బ్యాండు మేళంతో ఊరేగింపు తీశారు.

నాకు తెలిసిన ఒకావిడ మా వీధి చివర తమాలే అమ్ముతుంది. ఇంట్లో మాట్లాడేది సపోటెక్ అనే ఆదివాసీ భాష. స్పానిష్ ఆమెకి రెండో భాష, ఇంగ్లీషు మూడోది. వాళ్ళబ్బాయికి జ్వరమొచ్చి క్లినిక్‌కి తీసుకెళ్తే ‘హిస్పానిక్’ అని రాసుకుని స్పానిష్ దుబాసీని పిలిచారట. డాక్టర్ చెప్పింది ఆ దుబాసీ చెప్పాడు, ఈవిడ సగం అర్థం చేసుకుని తల ఊపింది. ‘నాకు అర్థం కాలేదు అంటే బుర్ర తక్కువ అనుకుంటారు, మెక్సికోలో అయినా ఇంతే’ అంది. ఆవిణ్ణి లాటినా అంటే ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. స్పెయిన్ వాళ్ళు ఐదువందల ఏళ్ళ కింద ఆవిడ భాష మీద పడ్డారు, ఇప్పుడు ఆవిడకి వాళ్ళ పేరే తగిలించాం.

పొద్దుతిరుగుడు

కమల గారు చెప్పింది నేను పని చేసే చోటా చూస్తాను. మామ్, కిచే అనే మాయా భాషలు మాట్లాడే గ్వాతెమాలా వాళ్ళు చాలామంది. భాష అని ఉన్నచోట అడక్కుండానే స్పానిష్ అని కొట్టేస్తారు. ఆ ఒక్క గడి సరిగ్గా అడిగితే చాలా తలనొప్పులు తగ్గుతాయి.

ఆస్టిన్ అన్వేష్

లాటినెక్స్ గురించి ఎవరూ అనలేదేంటి? లాటినో, లాటినా అని ఆడామగా తేడా లేకుండా వాడే మాట.

సూటిగా సుబ్బారావు

అనక్కర్లేదు. 2024 ప్యూ సర్వేలో ఆ మాట తమకి వాడుకునేది నూటికి నలుగురు. కాలేజీల్లో, కంపెనీల మెయిళ్ళలో బతుకుతోంది. కుర్రాళ్ళు కొందరు ‘లాటినే’ అంటున్నారు, అది కనీసం స్పానిష్ నోటికి తిరుగుతుంది. అసలు అదే సంస్థ సర్వేల్లో దాదాపు సగం మంది తమని ఎక్కువగా తమ దేశం పేరుతోనే చెప్పుకుంటామంటున్నారు. కృష్ణ గారి హ్యూస్టన్ మిత్రుడు ఒంటరివాడు కాదు.

నెవార్క్ నీరజ

అప్‌డేట్. మా ఆయనకి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. ఆయన ఇంకొకటి వెతికి తెచ్చాడు. రవాణా శాఖ కాంట్రాక్టుల రూల్స్‌లో 2025 దాకా ‘హిస్పానిక్ అమెరికన్’ అంటే స్పానిష్ లేదా పోర్చుగీస్ సంస్కృతి అని ఉండేదట. అంటే అప్పట్లో రోడ్డు వేసే కాంట్రాక్టర్ అయ్యుంటే ఆయన హిస్పానిక్, సెన్సస్‌లో కాదు! ‘గవర్నమెంటుకే ఒక మాట లేనప్పుడు నాకెందుకు పట్టుదల’ అని అవును అనే పెట్టాడు. ఆడపడుచు ముఖం వెలిగిపోయింది. ఫారం ఇచ్చేశాం.

పొద్దుతిరుగుడు

శుభం. 2024 మార్చిలో ప్రమాణాలు మార్చారు. ఇకపై రెండు ప్రశ్నలు ఉండకూడదని, జాతుల పక్కనే హిస్పానిక్ లేదా లాటినో ఒక గడిగా రావాలని. దాంతో పాటు మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి కొత్త గడి. ఆఫ్రికన్ మూలాల లాటినోలు కొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఒకటే టిక్కు పెట్టి ఊరుకుంటే నల్లవాళ్ళ లెక్క తగ్గిపోతుందని వాళ్ళ భయం. రెండూ పెట్టొచ్చు అని ఉన్నా, జనం తొందరలో ఒకటి పెట్టి పోతారు కదా.

రాజోలు రాంబాబు

ఒక చివరి సందేహం, తిట్టకండి. ఫిలిప్పీన్స్ వాళ్ళు 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ కింద ఉన్నారు. 1849లో గవర్నర్ క్లవేరియా పట్టిక పంపి స్పానిష్ ఇంటిపేర్లు పంచాడు. మా ఆఫీసులో శాంతోస్, రేయెస్, క్రూజ్, అందరూ ఫిలిప్పీన్స్ వాళ్ళే. వాళ్ళు ఏషియన్ గడిలో ఎందుకున్నారు?

బడిపంతులు

రాంబాబూ, ‘ఇతర స్పానిష్ సంస్కృతి, మూలం’ అన్న మాటని సాగదీస్తే వాళ్ళు పెట్టుకోవచ్చు, ఆపేవాడు లేడు. కొందరు పెట్టుకుంటారు కూడా. మ్యాపులో మాత్రం వాళ్ళు ఆసియాలో ఉన్నారు. ఇలాంటిదే ఇంకొకటి: 2009లో సోనియా సోటోమేయర్ సుప్రీంకోర్టులో మొదటి హిస్పానిక్ జడ్జి అని రాశారు. వెంటనే కొందరు 1932లో వచ్చిన బెంజమిన్ కార్డోజో సంగతేమిటన్నారు. ఆయన పూర్వీకులు పోర్చుగల్ మూలాల యూదులు. పోర్చుగల్ లెక్కలోకి వస్తుందా రాదా అన్న మీ నీరజ గారింటి పంచాయితీయే అది. ఆయన కాలంలో ఆ గడే లేదు.

తుంగభద్ర

ఆలస్యంగా వచ్చాను. టొరంటో నుంచి. పైన గయానా అని రాంబాబు ఊరికే అనేసి వదిలేశాడు. మా పక్కింటామె గయానాలో పుట్టింది, బెర్బీస్ ప్రాంతం. సౌత్ అమెరికన్ అంటే ఒప్పుకుంటుంది. లాటినా అంటే నవ్వుతుంది. ‘మేం వెస్టిండియన్లం, క్రికెట్ ఆడతాం’ అంటుంది. తెల్లదొరల చెరుకు తోటలకి 1838 నుంచి మన దేశం కూలీల్ని ఓడల్లో తీసుకెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి భోజ్‌పురి వైపు వాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ రేవు పేరు మీద అక్కడ వాళ్ళందరూ మద్రాసీలే. వాళ్ళ అమ్మోరి పూజని ఇప్పటికీ మద్రాసీ పూజ అనే అంటారు, తప్పెట్లు కొట్టి, పూనకాలు వచ్చి, బలి ఇచ్చి.

రాజోలు రాంబాబు

అక్కా, తెలుగు పేర్లేమైనా మిగిలాయా?

తుంగభద్ర

ఇంటిపేర్లుగా ఉన్నాయి తమ్ముడూ. వీరాసామి, మూన్‌సామి చాలా ఎక్కువ, అవి తమిళమో తెలుగో చెప్పడం కష్టం. అప్పడు అన్న ఇంటిపేరు కూడా ఉంది, అది చూస్తే నాకు మనదే అనిపిస్తుంది. పలికేది మాత్రం ఇంగ్లీషు యాసలో, ‘ఆపాడూ’ అని. పక్కింటామెకి భాష ఒక్క ముక్క రాదు. పూజలో పాడే పాటలు మాత్రం నోటికొచ్చు, వచ్చే నెల పూజకి రమ్మంది. రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను, పూజారిని అడిగి చెప్తానంది.